ఎముకలు దొరికాయి, చదివేవాళ్లేరి?

2014 వేసవిలో ఒక ఫొటో చైనా అంతా తిరిగింది. పెకింగ్ విశ్వవిద్యాలయంలో పురాజీవశాస్త్రం చదివి ఆ ఏడాది పట్టా పుచ్చుకున్న తరగతి మొత్తం అందులో ఉంది. తరగతి మొత్తమంటే ఒక్క అమ్మాయి. పట్టభద్రుల గౌను వేసుకుని, పక్కన ఎవరూ లేకుండా నిలబడి నవ్వుతోంది. ఆ కోర్సు 2008లో మొదలైంది. తొలి ఏళ్లలో బ్యాచికి ఒక్కరే. తరానికొక్క వారసుడితో నెట్టుకొస్తున్న వంశంలా ఉందని అక్కడి జనం చెప్పుకున్నారు.

ఆ ఫొటోను జాలిగా చూసినవాళ్లు చాలామందే. నాకు మాత్రం అందులో ఆ విశ్వవిద్యాలయం ధైర్యం కనిపిస్తుంది. ఒక్క విద్యార్థి కోసం కోర్సు నడిపింది, పాఠం చెప్పేవాళ్లను ఉంచింది. ఆ అమ్మాయి వెనక ఫొటోలో పడనివి కూడా ఉన్నాయి. 1984లో చెంగ్‌జియాంగ్‌లో బయటపడిన కేంబ్రియన్ కాలపు జీవులు, 1996లో లోకానికి తెలిసిన లియావోనింగ్ ఈకల డైనోసారు, వాటిని చదవడానికి బీజింగ్‌లో, నాన్‌జింగ్‌లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న పెద్ద పరిశోధన సంస్థలు. ఒక్కరే చేరినా, చేరినవారికి వెళ్లడానికి ఒక చోటు ఉంది. పురాజీవశాస్త్రంలో ఎందరు చేరుతున్నారు, ఎందుకు తగ్గుతున్నారు అని అడిగేటప్పుడు ముందుగా చూడవలసింది ఈ చోటునే అని నా నమ్మకం.

మన దేశంలో అలాంటి ఫొటో తీయడం కష్టం. మన విశ్వవిద్యాలయాల్లో పురాజీవశాస్త్రం పేరుతో విడిగా డిగ్రీ సాధారణంగా ఉండదు. అది జియాలజీలో ఒక పేపరు. బీఎస్సీలో కొంత, ఎమ్మెస్సీలో కొంత, స్తరశాస్త్రంతో కలిసి ఒక సెమిస్టరు. అందుకని ఇక్కడ చేరికల లెక్క తీయబోతే చేతికి అందదు. జియాలజీలో ఎందరు చేరారో చెప్పవచ్చు. వాళ్లలో శిలాజాల దగ్గర ఆగిపోయినవాళ్లెవరో ఏ రిజిస్టరూ చెప్పదు.

ఆ పేపరు ఎలా చదువుతారో జియాలజీ చదివినవాళ్లందరికీ గుర్తుంటుంది. చెక్క పెట్టెలో, అట్టముక్క మీద పాత నంబరుతో ఒక ట్రైలోబైటు. సగం స్పెసిమెన్లు అసలువి కావు, ప్లాస్టర్ అచ్చులు. పెన్సిల్‌తో బొమ్మ గీయాలి, భాగాలు గుర్తించాలి, రికార్డులో సంతకం పెట్టించుకోవాలి. వైవాలో తప్పనిసరిగా వచ్చే ప్రశ్న ఒకటుంది: బ్రాకియోపాడ్ చిప్పకూ ఆల్చిప్పకూ తేడా ఏమిటని. ఒకటి మధ్యగా నిలువునా కోస్తే రెండు సమాన భాగాలవుతుంది, రెండోదానిలో కుడి ఎడమ చిప్పలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉంటాయి. జవాబు చెప్పేసి బయటికొచ్చినవాళ్లలో చాలామంది మళ్లీ శిలాజాన్ని ముట్టుకోరు. వాళ్లకు ఆసక్తి లేక కాదు. ఆ తలుపు అవతల ఏముందో వాళ్లకు ఎవరూ చూపించలేదు.

నిజానికి ఉద్యోగ పరీక్షలు ఈ పేపరును బతికిస్తున్నాయి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో జియాలజిస్టుల కోసం యూపీఎస్సీ జరిపే పరీక్షలో జియాలజీ మొదటి పేపరుకున్న ఐదు భాగాల్లో ఒకటి పురాజీవశాస్త్రం. గేట్ పరీక్షలోనూ ఉంది. కాబట్టి కోచింగ్ నోట్సులో అమ్మొనైట్లు క్షేమంగానే ఉన్నాయి. అయితే పరీక్ష కోసం చదివిన శిలాజం పరీక్షతోనే అయిపోతుంది. నెగ్గిన అభ్యర్థికి సర్వేలో ఖనిజాన్వేషణో, మ్యాపింగో అప్పగిస్తారు. శిలాజాల విభాగానికి వెళ్లేవాళ్లు కొద్దిమంది.

ఈ చదువు చరిత్రలో విద్యార్థుల సంఖ్యను పెంచిందీ, తుంచిందీ ఎక్కువగా చమురే. బావి తవ్వేటప్పుడు పైకి వచ్చే రాతిపొడిలో ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలుంటాయి. ఇసుకరేణువంత ఉంటాయి. ఏ జాతి ఎప్పుడు పుట్టి ఎప్పుడు అంతరించిందో తెలిస్తే, బావి ఇప్పుడు ఏ కాలపు పొరలో ఉందో చెప్పవచ్చు. ఈ పని తెలిసినవాళ్ల కోసం ఇరవయ్యో శతాబ్దమంతా చమురు కంపెనీలు వెతికాయి. మన కృష్ణా గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ తవ్విన బావుల వయసు తేల్చడంలోనూ ఈ గుల్లలది పెద్ద పాత్ర. 1986లో చమురు ధర కుప్పకూలింది. అమెరికాలో జియాలజీ తరగతులు ఖాళీ అయ్యాయి, కంపెనీల సూక్ష్మ శిలాజ ప్రయోగశాలలు మూతపడ్డాయి. 2014 తర్వాత ధర మళ్లీ పడినప్పుడు అమెరికాలోనూ, బ్రిటన్‌లోనూ భూవిజ్ఞాన కోర్సుల్లో చేరికలు మళ్లీ తగ్గాయి. ఈసారి ఇంకో కారణం కూడా తోడైంది. బొగ్గు, చమురు తవ్వే చదువంటే వాతావరణం గురించి బెంగపడే తరానికి మనసొప్పడం లేదు. భూమి గతంలో ఎన్నిసార్లు వేడెక్కిందో, అప్పుడు ఏ జీవులు పోయాయో, ఏవి మిగిలాయో చెప్పగలిగేది ఈ శాస్త్రమే. ఆ పిల్లలకు ఈ మాట చేరలేదు. జియాలజీ అంటే గని అన్న ముద్రలో పురాజీవశాస్త్రం కూడా కలిసిపోయింది.

సినిమా సంగతి చాలామంది అడుగుతారు. 1993లో జురాసిక్ పార్క్ వచ్చింది. దాన్ని చిన్నప్పుడు చూసి ఈ దారి పట్టామని చెప్పే శాస్త్రవేత్తలు ఇవాళ ప్రపంచమంతటా ఉన్నారు. 2013లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయం డైనోసార్ల మీద ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సు పెడితే దేశదేశాల నుంచి వేలమంది చేరారు. కోరిక ఎప్పుడూ కొదవలేదు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన డైనోసార్ అస్థిపంజరం దగ్గర ఒక ఆదివారం అరగంట నిలబడి చూడండి. తండ్రి భుజాల మీదున్న పిల్లవాడి నోట పొడుగాటి లాటిన్ పేర్లు తడుముకోకుండా వస్తాయి. ఆ పిల్లవాడికి పదహారేళ్లు వచ్చేసరికి ముందున్నవి ఎంపీసీ, బైపీసీ. రెండింటిలోనూ రాయి గురించిన పాఠం అతనికి ఎదురుపడడం అరుదు.

ఆ అస్థిపంజరం దగ్గరే మరికాసేపు నిలబడాలి, ఎందుకంటే అది మన నేలదే. కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలను చదివి, జియలాజికల్ సర్వేకు చెందిన పి. యాదగిరి 1988లో ఆ పేరు పెట్టారు. సుమారు 9 మీటర్ల శాకాహారి. దాదాపు పన్నెండు జంతువుల ఎముకలు కలగలిసి దొరికాయి. ప్రాణహిత ఒడ్డునున్న కోట గ్రామం పేరు మీదనే ఆ రాతిపొరలను కోట ఫార్మేషన్ అంటారు. జురాసిక్ కాలపు తొలి, మధ్య దశల్లో భూమి మీద ఏ జంతువులు తిరిగాయో చెప్పే రాళ్లు ప్రపంచంలో కొద్దిచోట్లే ఉన్నాయి. మనకున్న భాగ్యం ఆ కొద్దిచోట్లలో ఒకటి మన గోదావరి లోయ కావడం.

అదే లోయలో అంతకుముందే ఇంకో కథ నడిచింది. సంఖ్యాశాస్త్రవేత్త మహలనోబిస్ తన కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1957లో భూవిజ్ఞాన విభాగం మొదలుపెట్టి, లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శాస్త్రవేత్తను పిలిపించారు. లెక్కల సంస్థలో ఎముకల విభాగం ఏమిటని ఆరోజుల్లో అనుకోనివాళ్లు ఉండరు. రాబిన్సన్ కుర్రవాళ్లను వెంటబెట్టుకుని గోదావరి లోయకు వచ్చారు. అక్కడ పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి కాదు, అక్కడి నేలంతా గ్రానైటు) సుమారు మూడువందల ఎముకలు తవ్వి తీశారు. మనిషంత పొడవున్న తొడ ఎముక ఒకటి అందులో ఉంది. బెంగాలీలో పెద్ద కాలు అన్న అర్థం వచ్చేలా, 1961 ఠాగూర్ శతజయంతిని తలుచుకుంటూ దానికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. అస్థిపంజరం కలకత్తాలో నిలబడింది. ఎముకలు మనవి, పేరు వాళ్లది, ఇందులో నొచ్చుకోవలసిందేమీ లేదు. చదివినవాళ్లు పేరు పెడతారు. నన్ను కదిలించే సంగతి వేరే. ఒక గురువు వచ్చి దారి చూపితే చాలు, ఒక తరం తయారైంది. ఎస్.ఎల్. జైన్, టి. రాయ్‌చౌధురి, శంకర్ చటర్జీ లాంటివాళ్లు ఆ నీడలోనే ఎదిగారు. చటర్జీ తర్వాత అమెరికా వెళ్లి టెక్సస్ టెక్‌లో ఆచార్యుడయ్యారు. ఆ రోజుల్లో ఎందరు చేరారని ఎవరూ లెక్కపెట్టి ఉండరు. ఉన్నది గుప్పెడుమంది.

చండీగఢ్‌లో అశోక్ సాహ్ని చేసింది కూడా అదే. పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఆయన దగ్గర చదివినవాళ్లు తర్వాత దేశంలో సగం శిలాజ ప్రయోగశాలలకు పెద్దలయ్యారంటే అతిశయోక్తి ఎక్కువ కాదు. వాళ్లలో మన గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్ ఒకరు. వికారాబాద్ దగ్గర నస్కల్ అనే ఊళ్లో, దక్కన్ లావా పొరల మధ్య చిక్కుకున్న పాత చెరువు అడుగుమట్టిలో, ఆయనా సాహ్నీ కలిసి మిల్లీమీటర్ల లెక్కన కొలిచే పళ్లు కనుక్కున్నారు. మట్టిని బస్తాలకొద్దీ మోసుకొచ్చి, నానబెట్టి, జల్లెడ పట్టి, మిగిలిన రవ్వను సూక్ష్మదర్శిని కింద గింజ గింజగా ఏరితే దొరికిన పళ్లవి. మన దేశంలో క్రెటేషియస్ కాలపు తొలి క్షీరదం అని 1988లో నేచర్ పత్రికలో ప్రకటించారు. అదే పత్రంలో దానికి దక్కనోలెస్టిస్ అని పేరు పెట్టారు. ప్రసాద్ జమ్మూలోనూ తర్వాత ఢిల్లీలోనూ పాఠం చెప్పారు. 2023 జనవరిలో మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలో 92 డైనోసార్ గూళ్లు, 256 గుడ్లు వెలుగులోకి వచ్చినప్పుడు ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆయన దగ్గర పనిచేసిన పరిశోధక విద్యార్థినిది. నస్కల్ జల్లెడ నుంచి ధార్ గూళ్ల దాకా ఒక గురుపరంపర నడిచింది. చేరికల పట్టికలో ఇది కనిపించదు.

గొలుసు ఎక్కడ తెగుతుందో కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది. ఒక జియాలజీ విభాగంలో శిలాజాలు తెలిసిన ఆచార్యుడు సాధారణంగా ఒక్కరే ఉంటారు. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్త పరిశోధకులను తీసుకోకూడదు. విద్యార్థి మధ్యలో దిక్కులేకుండా పోకూడదని పెట్టిన మంచి నియమమే. ఆ ఒక్క ఆచార్యుడు విరమణకు మూడేళ్ల దూరంలోకి వచ్చేసరికి మాత్రం ఆ విభాగంలో పురాజీవశాస్త్ర పరిశోధనకు ఆ నియమమే తలుపు మూస్తుంది. ఆయన వెళ్లిపోయాక ఖాళీని భర్తీ చేయడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా ఆ పోస్టు రిమోట్ సెన్సింగ్‌కో, భూగర్భజలాలకో మారిపోతుంది. పేపరు మిగులుతుంది, దాన్ని మనసుపెట్టి చెప్పే మనిషి ఉండరు. పక్క సబ్జెక్టు మాస్టారు సిలబస్ పూర్తిచేస్తారు. అలాంటి తరగతి నుంచి ఈ దారిలోకి వచ్చే పిల్లలు ఎందరుంటారు?

మన రెండు రాష్ట్రాల సంగతి చూస్తే, ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల జియాలజీ విభాగాలకు పేరుంది. మన అవసరాలు వాటిని మలిచాయి. రాయలసీమకూ తెలంగాణకూ నీళ్లు కావాలి, సింగరేణికి బొగ్గు కావాలి, మంగంపేటలో ముగ్గురాయి ఉంది, విశాఖకు సముద్రం ఉంది. కాబట్టి భూగర్భజలం, ఖనిజం, సముద్ర భూశాస్త్రం ముందుకొచ్చాయి. ఇందులో తప్పుపట్టవలసిందేమీ లేదు, పిల్లలకు ఉద్యోగాలు కావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తూర్పుతీరపు ఫొరామినిఫెరా మీద మంచి కృషి జరిగింది కూడా. అయినా ఒక మాట చెప్పక తప్పదు. కడప జిల్లా వేంపల్లె రాళ్లలో వంద కోట్ల ఏళ్లు దాటిన సూక్ష్మజీవుల గుట్టలు, స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. ఉత్తరాన గోదావరి లోయలో ట్రయాసిక్, జురాసిక్. వికారాబాద్‌లో, రాజమండ్రిలో డైనోసార్ల చివరి రోజులు. ఇంత కాలం ఇంత దగ్గరగా పరిచి ఉన్న నేల మరొకటి వెతకాలంటే కష్టమే. అలాంటి నేల మీద ఉన్న విశ్వవిద్యాలయాల్లో ఈ శాస్త్రానికి ఒక్క పూర్తిస్థాయి కేంద్రం లేకపోవడం నన్ను బాధిస్తుంది.

దేశం మొత్తానికి ఆ కేంద్రం లక్నోలో ఉంది. బీర్బల్ సాహ్ని 1946లో మొదలుపెట్టిన సంస్థ అది. 1949 ఏప్రిల్ 3న నెహ్రూ పునాదిరాయి వేశారు. రకరకాల శిలాజాలు పొదిగి సాహ్ని స్వయంగా చేయించిన రాయి. వారానికే, ఏప్రిల్ 10న ఆయన కన్నుమూశారు. మొక్కల శిలాజాల సంస్థగా బతికి, 2015లో పురావిజ్ఞానాల సంస్థగా పేరు మార్చుకుంది. అక్కడ పీహెచ్‌డీ చేయవచ్చు. అయితే అక్కడికి చేరేవాళ్లు అంతకుముందే ఏదో ఒక విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రాన్ని రుచి చూసి ఉండాలి.

చేరేవాళ్ల మొహం మారుతోందన్నది మంచి కబురు. మునుపు ఈ దారికి ఒకటే గుమ్మం, జియాలజీ. ఇప్పుడు ఐసర్లలో జీవశాస్త్రం చదివినవాళ్లు వస్తున్నారు, కంప్యూటర్ తెలిసినవాళ్లు వస్తున్నారు. ఎముకను పగలగొట్టకుండా సీటీ స్కాన్‌తో లోపల చూస్తున్నారు. ఇక స్త్రీలు: అమెరికాలోని పురాజీవశాస్త్ర సంఘంలో ఆచార్య స్థాయిలో కన్నా విద్యార్థి సభ్యుల్లో స్త్రీల వాటా ఎక్కువ. వస్తున్నారు, పైకి వెళ్లేకొద్దీ రాలిపోతున్నారు. ఇక్కడా ముడి చేరిక దగ్గర లేదు, తర్వాత దొరికే కుర్చీ దగ్గర ఉంది. జర్మనీలో ఈ సంగతి గ్రహించినట్టున్నారు. అక్కడ మైంజ్‌లో చిన్న సబ్జెక్టుల మీద నిఘా పెట్టిన ఒక కార్యాలయం ఉంది. పురాజీవశాస్త్రం ఆ జాబితాలో ఉంది. వాళ్లు ప్రధానంగా లెక్కపెట్టేది ఆచార్య పదవులను.

ఈ కుర్చీలు ప్రపంచంలో ఎక్కడున్నాయన్నది ఇంకో ప్రశ్న. మారిషస్ నుంచి వచ్చిన నుసైబా రాజా, ఆమె సహచరులు 2022లో అచ్చయిన పరిశోధనలో ఒక లెక్క తేల్చారు. గత ముప్పయ్యేళ్లలో శిలాజాల డేటాబేసులోకి చేరిన సమాచారంలో 97 శాతం సంపన్న, ఎగువ మధ్య ఆదాయ దేశాల పరిశోధకులు ఇచ్చిందే. మన దేశం ఆ రెండు వరుసల్లోనూ లేదు. రాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. వాటిని చదివేవాళ్లు కొన్ని దేశాల్లోనే తయారవుతున్నారు. ఆ తయారీకి పునాది బడిలోనే పడాలి. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి పరిణామ సిద్ధాంతం పాఠాన్ని తొలగించినప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు. పదో తరగతి తర్వాత సైన్సు వదిలేసే పిల్లలకు శిలాజమంటే ఏమిటో తెలిసే ఆఖరి అవకాశం అది.

మనుషులు చాలకపోతే ఏమవుతుందో ఎముకలే చెబుతాయి. బరపాసారస్ ఎముకలు 1961 నాటికి చేతికొచ్చాయి, పేరు 1975లో పెట్టారు, పూర్తి వర్ణన అచ్చయింది 2010లో. గుజరాత్‌లో రహియోలి దగ్గర 1982 నుంచి 84 దాకా సేకరించిన ఎముకలు రాజసారస్‌గా తేలింది 2003లో. కచ్ లిగ్నైట్ గనిలో 2005లో దొరికిన వెన్నుపూసలను మొసలివనుకుని దాచారు. ఐఐటీ రూర్కీలో సునీల్ బాజ్‌పాయ్ దగ్గరికి ఒక యువ పరిశోధకుడు వచ్చి మళ్లీ చూశాకనే, 2024లో, అవి పదకొండు నుంచి పదిహేను మీటర్ల పొడవుండే పాము వాసుకి ఇండికస్‌వని తెలిసింది. పంతొమ్మిదేళ్లు ఒక మనిషి కోసం ఆ ఎముకలు ఎదురుచూశాయి. సొరుగులో ఉన్నవి కాబట్టి ఎదురుచూడగలిగాయి.

సొరుగులోకి ఇంకా చేరనివాటికి ఆ వెసులుబాటు లేదు. రాజమండ్రి చుట్టుపక్కల నల్లరాతి క్వారీల్లో, రెండు లావా ప్రవాహాల మధ్య సన్నని సున్నపురాతి పొర ఉంది. అప్పటి సముద్రం అక్కడిదాకా వచ్చిందని అందులోని ఫొరామినిఫెరా చెబుతాయి. ప్రిన్స్‌టన్‌కు చెందిన గెర్టా కెల్లర్, మన బాజ్‌పాయ్ తదితరులు 2008లో ఆ పొరను చదివి, డైనోసార్ల అంతానికీ దక్కన్ అగ్నిపర్వతాలకూ ఉన్న సంబంధం మీద ప్రపంచమంతా చదివిన పత్రం రాశారు. క్వారీ తవ్వడం వల్లే ఆ పొర కంటపడింది. ఆ క్వారీల్లో కంకర కోసం తవ్వకం సాగుతూనే ఉంటుంది. ఈ ఏడు గోడలో కనిపించే గీత వచ్చే ఏడు లారీలో రోడ్డు పనికి వెళ్లిపోతుంది. శిలాజ స్థలాల రక్షణకు 2022లో కేంద్రం ఒక ముసాయిదా బిల్లు వెలువరించింది. గోదావరి లోయలో ప్రతి వానాకాలం వాగులు కోట రాళ్లను కొంత కోసి, కొత్త ఎముకలను పైకి తెస్తాయి. నవంబరులో నేల ఆరుతుంది, ఫీల్డ్ సీజన్ మొదలవుతుంది. అప్పటికి ఎవరైనా వెళ్లి ఏరితే అవి మ్యూజియంకు చేరతాయి. ఎవరూ వెళ్లకపోతే మరుసటి వానకు పిండిగా మారి ప్రాణహితలో కలుస్తాయి.